తెల్ల ఓడ అడిగిన మాట

ఆయన్ని ఏదైనా మూడుసార్లు అడగాలి. మొదటిసారి అడిగితే మన మొహం వంక చూసేవాడు. రెండోసారి అడిగితే నేల వంక చూసేవాడు. మూడోసారికి గానీ ఔననో కాదనో తేల్చేవాడు కాదు. ఈలోగా అడిగినవాళ్లకు ఒళ్లు మండిపోయేది. నాకైతే పరిచయమైన మొదటి రోజే మండింది.

ఆయన పోయి నెల దాటిందని మొన్న సిడ్నీ శివార్లలోని లివర్‌పూల్‌లో కూరగాయల కొట్లో తెలిసింది. వాళ్ల దూరపు చుట్టం ఒకావిడ వంకాయలు ఏరుతూ చెప్పింది. "నీ ఫోన్ నంబర్ ఎవరి దగ్గరా దొరకలేదమ్మా" అంది. దొరకదు మరి, మూడిళ్లు మారాను. నా బుట్ట అక్కడే వదిలేసి కార్లో వచ్చి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆయనతో కలిసి నేనాడిన అబద్ధం ఒకటి గుర్తొచ్చింది. ఇప్పుడు దాని సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను కదా అనిపించి భయం వేసింది.

ఆయన్ని నేను చూసింది తొంభైతొమ్మిదిలో. అప్పటికి సిడ్నీ వచ్చి ఎనిమిది నెలలు. బ్యాంకు ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని నాది. ఎప్పుడో ఎవరో మహానుభావులు రెండంకెలు మిగుల్చుకున్న పాపానికి, విజయవాడ నుంచీ హైదరాబాదు నుంచీ మేమంతా విమానాలెక్కి వచ్చాం. మమ్మల్ని ఆ డిసెంబరు దాకా పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు. తర్వాత ఏం చేశారన్నది వేరే కథ.

ఒక ఆదివారం హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్లాను. క్యాంటీన్‌లో పులిహోర పెట్టే ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు సిటీ వైపే కదా, ఈయన్ని దారిలో దించెయ్యమ్మా, వచ్చిన కారువాళ్లు మరిచిపోయి వెళ్లిపోయారు" అంది. పక్కన ఒక పెద్దాయన. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని. చేతుల మీద పాత కాలిన మచ్చలు.

"రండి అంకుల్, కారెక్కండి."

నా మొహం వంక చూశాడు.

"అంకుల్, కారక్కడుంది."

నేల వంక చూశాడు. చెవుడేమో అనుకున్నాను. మూడోసారి అడగలేదు, అరిచాను.

"ఎక్కుతాను పాపా, ఎందుకు కేకలేస్తావు" అన్నాడు తాపీగా.

ఆయన తెలుగు వినగానే నాకు నవ్వొచ్చింది. నూరేళ్ల కిందట విజయనగరం పక్క పల్లె నుంచి వెళ్లి ఓడెక్కిన తెలుగు అది. మధ్యమధ్యలో ఫిజీ హిందీ, చివర్లో "మేట్". మిల్లుకు మిల్లే అనేవాడు, కారుకు మాత్రం బండి అనేవాడు. ఫిజీలో చక్కెర మిల్లులో బాయిలర్ మనిషిగా ముప్పయ్యేళ్ల పైనే చేశాడట. ఎనభైఏడులో అక్కడ సైన్యం గద్దెనెక్కాక అక్కను వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చి, ఒక ఆసుపత్రి లాండ్రీలో ఆవిరి యంత్రాలు చూసి రిటైరయ్యాడు. ఇదంతా చెప్పడానికి గంట పట్టింది, ఎందుకంటే ప్రతి ముక్కా నేను మూడుసార్లు అడగాలి.

"ఇల్లెక్కడ అంకుల్?" అన్నాను చివరికి.

"ఇంటికొద్దు. నన్ను ఓడ కాడ దించు."

ఓడేమిటో నాకు అర్థం కాలేదు. తీరా వెళ్తే నిజంగానే ఓడ. హార్బర్ పడమటి కొసన ఒక పాత రేవులో కట్టేసి ఉంది. ఇనుప పక్కటెముకల మీద చెక్క ఒళ్లు, తెరచాపల కొయ్యలు మూడు, నడుమ ఒక పొగగొట్టం. ఇంగ్లిషు నేవీదట. పనికిరాకుండా పోయాక ఏళ్ల తరబడి దాంట్లో బొగ్గు నింపుకున్నారు. ఇప్పుడు పదిమంది రిటైరైన తెల్లవాళ్లు శని, ఆదివారాలొచ్చి తుప్పు గీకుతున్నారు. బాయిలర్ సంగతి వాళ్లెవరికీ తెలియదు. అది మా పెద్దాయన రాజ్యం.

ఆ తర్వాత చాలా ఆదివారాలు నేనే ఆయన్ని దించాను. దించి వెళ్లిపోవచ్చు, కానీ షేరింగ్ ఫ్లాట్‌లో బట్టలుతుక్కోవడం కంటే ఆయన్ని చూడటం బాగుండేది. తెల్ల చొక్కా మీదే నీలం ఓవరాల్ తొడుక్కునేవాడు. బాయిలర్ రేకు దగ్గర అరచెయ్యి పెట్టేవాడు, తాకేవాడు కాదు. పొడవాటి ఇనుప కడ్డీ ఒక కొస గొట్టానికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "ఏమంటోంది అంకుల్?" అంటే వేలు పెదవుల మీద పెట్టేవాడు. మంట వెయ్యబోయే ముందు పొయ్యి తలుపుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించేవాడు. ఫిజీ మిల్లులో చెరకు ఆడటం మొదలయ్యే రోజున అలా చేసేవారట. తెల్లవాళ్లు టోపీలు తీసి నిలబడేవారు. ఎందుకో వాళ్లకు తెలియదు, కానీ కర్పూరం వెలిగించని రోజున వాల్వు లీకైందని మాత్రం గట్టిగా నమ్మారు.

వాళ్లలో బిల్ అని గడ్డమాయన ఒకడు, పూర్వం బడిపంతులు. పెద్దాయన పద్ధతి కనిపెట్టి, నిచ్చెన మీంచి కిందికి వంగి, "కప్పు టీ, మేట్? కప్పు టీ? కప్పు టీ?" అని ఒక్క ఊపిరిలో అడిగేసేవాడు. పెద్దాయన మూడోదానికే తలూపేవాడు. సందర్శకులకు ఓడ కథ చెప్పేది కూడా బిల్లే. దక్షిణ సముద్రపు దీవుల్లో మనుషుల్ని మాయ చేసి, ఎత్తుకొచ్చి, క్వీన్స్‌లాండ్‌లోనూ ఫిజీలోనూ చెరకు తోటలకు అమ్ముకునేవారు. ఆ దొంగ పడవల్ని తరిమి పట్టుకోవడమే ఈ ఓడ పని. "మా ఆఫీసర్లు పట్టుకున్న పడవ ఎక్కి, ఒక్కొక్క మనిషినీ అడిగేవారు, నీ ఇష్టంతోనే వచ్చావా అని. కాదన్నవాణ్ణి ఇంటికి చేర్చేవారు" అని చెప్పి, బిల్ గడ్డం నిమురుకుని ఒక నిమిషం ఆగేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. కింద బాయిలర్ గదిలో పెద్దాయన ఆ మాట వచ్చేసరికి చేతిలో పని ఏదున్నా ఆపేసేవాడు.

అక్కడే ఎందుకాపుతారని ఒకరోజు అడిగాను. రెండుసార్లు అడిగి ఊరుకున్నాను కూడా. ఆయనే మూడోసారి కోసం చాలాసేపు చూసి, అది రాకపోయేసరికి తనే మొదలుపెట్టాడు.

"మాయవ్వని కూడా అడిగినాడు పాపా. ఈ ఓడోడే."

అవ్వకు అప్పుడు పద్నాలుగేళ్లట. గట్టు మీద గడ్డి కోస్తుంటే ఎవరో ఆడమనిషి వచ్చి, చెన్నపట్నం అవతల పంచదార జల్లించే పనుంది, నీడపట్టున కూర్చుని జల్లెడ పట్టడమే అంది. చెన్నపట్నం కూలీల డిపోలో ఇలాంటివాళ్లనే ఒకచోట చేర్చి, ఒకటే పాఠం చెప్పారట. "తెల్లదొర ఏటడిగినా చిత్తం అనండి. ఇంకో ముక్క మాటాడినారో గంజి పొయ్యం." మేజిస్ట్రేటు అడిగితే చిత్తం అన్నారు. వేలిముద్ర వెయ్యమంటే చిత్తం అన్నారు. ఓడెక్కారు. వారాల తర్వాత, ఇక దీవులు దగ్గరపడ్డాయనగా, పొగ చిమ్ముకుంటూ ఒక తెల్ల ఓడ ఎదురొచ్చింది. దానిలోంచి పడవ దిగింది. బంగారపు గుండీల దొర ఒకడు వీళ్ల ఓడెక్కాడు. అందర్నీ డెక్కు మీద వరసలో నిలబెట్టారు. అవ్వ పొట్టిది, అందరికంటే ముందు నిలబెట్టారు. దొర ఆమె ముందు ఆగి, వంగి, ఏదో అడిగాడు.

"చిత్తం" అంది అవ్వ. ఆమె వెనకవాళ్లూ వరసగా అదే అన్నారు. దొర తలూపి వెళ్లిపోయాడు.

తోటల్లో పడ్డాక, దీవులవాళ్లు చెప్పగా తెలిసిందట, తెల్ల ఓడ దొరలు ఏమడుగుతారో. కాదన్నవాళ్లను ఇంటికి పంపిస్తారని. అంటే తన నోటితోనే తనను, తన వెనకున్న వరసనంతా అమ్మేసుకున్నానని అవ్వ అనుకుంది. అప్పట్నుంచి ఇంట్లో రూలు పెట్టింది. ఎవరేమడిగినా మూడోసారి దాకా జవాబు చెప్పకూడదు. పెళ్లిచూపుల్లో కూడా చెప్పకూడదు. ఆ రూలు వల్ల వాళ్లింట్లో రెండు సంబంధాలు తప్పిపోయాయని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అంతలో ఆయన ఆపేశాడు.

"నానొక మాటన్నాను దాన్ని."

ఇరవైరెండేళ్ల వయసులో మిల్లులో ఆయనకు ఫోర్మన్ పని రావాల్సి ఉండగా, నిన్నగాక మొన్న వచ్చిన తెల్లవాడికిచ్చారట. ఇంటికొచ్చేసరికి అవ్వ బియ్యం ఏరుతోంది. ఏమైందిరా అని అడిగింది. అప్పుడన్నాడు. "ఆ రోజు నువ్వు నోరిప్పి నేదనుంటే మాకీ బతుకొచ్చేదా? నీ వల్లే గదా!" అని. అవ్వ చేట కింద పెట్టింది. ఓడ కథ అంతకుముందు వారానికోసారైనా చెప్పేది, మరెప్పుడూ చెప్పలేదు. ఆ వానాకాలంలోనే పోయింది. ఆయన అన్న మాట అక్క వంటింట్లోంచి విన్నది. నలభై అయిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ అక్కా తమ్ముడూ దాని గురించి నోరెత్తలేదు.

"ఆడు ఏటడిగినాడో నాకు తెలవాలి పాపా. నానన్నది నాయమో కాదో తెలవాలి. పుస్తకంలో రాసే ఉంటారు గదా."

ఓడల రోజువారీ లాగ్ పుస్తకాల నకళ్లు నగరంలో లైబ్రరీలో ఫిల్ము రీళ్ల మీద ఉన్నాయని బిల్ చెప్పాడు. అవ్వ ఓడ పేరు, అది ఫిజీ రేవు సువా చేరిన తారీకు అక్క ట్రంకుపెట్టెలోని గిర్మిట్ కాగితం మీద ఉన్నాయి. గిర్మిట్ అంటే అయిదేళ్లు చాకిరీ చేస్తానని రాసిచ్చిన ఒప్పందం. ఇంక వెతకడమే. ఆఫీసులో పంటి నొప్పని చెప్పి, ఒక మధ్యాహ్నం సెలవు పెట్టాను. పెద్దాయన పెళ్లికి వచ్చినట్టు కోటేసుకొచ్చాడు.

గొలుసుకట్టు రాత. గాలి ఏ దిక్కు, బొగ్గు ఎంత కాల్చారు, ఎవణ్ణి శిక్షించారు. రోజూ తారీకుల్లో తలదూర్చి బతికేదాన్ని కాబట్టి తారీకు పట్టుకోవడం నాకు కష్టం కాలేదు. మా ఓడ లాగ్ పుస్తకంలో, సువా చేరడానికి మూడు రోజుల ముందు, అవ్వ ఓడ పేరు కనబడింది. ఇదే ఓడ. అవ్వకు ఎదురొచ్చింది మేము ఆదివారాలు గడిపే ఈ ఓడే.

"దొరికింది అంకుల్!" అని పక్కవాళ్లు తిరిగి చూసేలా అన్నాను.

"సదువు."

చదివి, తెలుగులో చెప్పాను. బాయిలర్ గొట్టం పగిలి, పొయ్యిలో బొగ్గేసే స్టోకర్ ఒకడికి ఆవిరి కొట్టింది. వలసకూలీలతో సువా వెళ్తున్న ఓడ ఎదురైతే ఆపి, పడవలో ఒక ఆఫీసరును పంపి, ఆ ఓడ డాక్టరును అడిగి తెచ్చారు. మధ్యాహ్నం డాక్టరును తిరిగి దించారు. ప్రయాణం సాగించారు. అంతే.

పెద్దాయన తెర వంక చూస్తూ, "ఆడు బతికినాడా?" అన్నాడు.

"ఎవరంకుల్?"

"స్టోకరు."

రీలు తిప్పాను. మర్నాడు సాయంత్రం పోయాడు. సముద్రంలో వదిలారు. ఆ ముక్క చెప్పగానే ఆయన కళ్లజోడు తీసి, చేతులు రెండూ జోడించాడు. "ఆవిరి కొడితే బతకడు. మిల్లులో ఇద్దర్ని సూసినాను" అన్నాడు. తర్వాత అడిగాడు. "మరి మావోళ్ల గురించి?"

"ఓడ పేరు రాశారు అంకుల్."

"మనుసుల గురించి?"

"లేదు."

"ఇంకో కాయితం సూడు పాపా."

ముందు వారం, వెనక వారం మొత్తం చూశాను. లేదు. వాళ్లు వెతికేది దొంగతనంగా మనుషుల్ని తెచ్చే చిన్న పడవల్ని. అవ్వ ఓడకు సర్కారు ముద్రలున్నాయి, కాగితాలున్నాయి, వేలిముద్రలున్నాయి. అలాంటి ఓడను ఏమీ అడగక్కర్లేదు. డాక్టరు సంచి సర్దుకునేదాకా ఆ దొర కూలీల వరస ముందు పచార్లు చేసి ఉంటాడు. పొట్టిపిల్ల ముందాగి ఏదో అని ఉంటాడు. నీ పేరేమిటనో, భయపడకనో, ఎండగా ఉందనో. ఏమన్నాడో ఇక ఎవరికీ తెలియదు. ఇంత మెల్లగా నేను జీవితంలో ఎవరికీ ఏదీ చెప్పలేదు.

"అయితే అడగనేనేదు" అన్నాడు. "ఒక్కడూ అడగనేనేదు."

నా బుద్ధి తక్కువ. ఊరడిద్దామని, "పోనీలెండి అంకుల్, అవ్వగారి తప్పేం లేదని తేలింది కదా" అన్నాను.

"తప్పు నేదు" అన్నాడు. "తప్పు సెయ్యడానికైనా దానికి సందివ్వనేదు. నానేమో ఆ మాటన్నాను."

ఆ తర్వాత ఆయన ఓడ పని మానేస్తాడనుకున్నాను. ఆ వచ్చే ఆదివారమే ఫోన్ చేశాడు, "బండి తెస్తావా?" అని. ఎందుకు వెళ్తున్నారు అంకుల్, అది మనవాళ్ల కోసం ఏమీ చెయ్యలేదు కదా అంటే, "బాయిలరేటి సేసింది?" అన్నాడు. పైన బిల్ కథ చెబుతూ గడ్డం నిమిరే చోటికి వచ్చేసరికి, ఇప్పుడు కిందనుంచి సుత్తితో రేకు మీద గట్టిగా కొట్టేవాడు. ఏదో బిగిస్తున్నాడనుకునేవారు పైనున్నవాళ్లు. ఇప్పటికీ ఎక్కడైనా ఇనుము మీద ఇనుము మోగితే చేతిలో పని ఆపేస్తాను.

ఆ లైబ్రరీ రోజు సాయంత్రం మాత్రం చెప్పాలి. లివర్‌పూల్‌లో వాళ్లింటి ముందు ఆపాక, "అక్కకి నాను సెప్తాను. నువ్వు ఊకో" అన్నాడు. అప్పుడు నాకు భయం వేసింది. ఎందుకంటే అక్కగారికి ఆ కథే ఆస్తి. గుడిలో ఎవరు కనబడ్డా చెప్పేది, "మాయవ్వని తెల్లదొర సొయంగా అడిగినాడమ్మా, వంగి మరీ అడిగినాడు" అని. తోటల్లో పశువుల్లా లెక్కపెట్టిన మనుషుల్లో, తన అవ్వనొక్కదాన్నీ ఎవరో మనిషిలా అడిగారని ఆవిడ గర్వం. ఆ అడగడం కూడా లేదని ఎలా చెబుతాడీయన?

అక్కగారు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో, గిర్మిట్ కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది. తమ్ముణ్ణి అడగలేదు, నన్నడిగింది.

"దొరికినాదా అమ్మా?"

"దొరికింది ఆంటీ. అదే ఓడ."

"ఏటని ఉంది?"

నేను పెద్దాయన వంక చూశాను. ఆయన మెట్టు మీదే నిలబడి ఉన్నాడు, పైకి రాలేదు.

"అడిగినాడని ఉంది అక్కా."

ఆవిడ మొహం విప్పారింది. "ఔనా! అవ్వ ఏటన్నాదని ఉంది?"

ఆయన నా వైపు చూడలేదు. కోటు గుండీ ఒకటి విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు.

"నేదన్నాదంట అక్కా. నాను రాను, మాయమ్మ కాడికి పంపీండి అన్నాదంట. ఆడే ఇన్నేదు. కాయితాలున్నాయి గదా అని ఎల్లిపోనాడంట. చిత్తమన్నానని అవ్వే మనకి కల్పించి సెప్పినాది, మనం బాధ పడతామని."

అక్కగారు నాకేసి తిరిగింది. "అలగే ఉందా అమ్మా? నువ్వు సదివినావా?"

ఉన్నదున్నట్టు చదవడమే నా ఉద్యోగం. ఒక్క అంకె తప్పు చదివితే బ్యాంకులు ఆగిపోతాయని జీతమిచ్చి తెచ్చుకున్నారు నన్ను.

"నేనే చదివాను ఆంటీ. అలాగే ఉంది" అన్నాను.

ఆవిడ కాగితం మీద అవ్వ వేలిముద్రను బొటనవేలితో నిమిరింది. కళ్లలోంచి నీళ్లు జారుతున్నా తుడుచుకోలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఇద్దరికీ మంచే జరిగింది అనుకున్నాను. అప్పుడు ఆవిడ తలెత్తి తమ్ముడి వంక చూసింది.

"అది నేదన్న మనిషిరా."

"అవునక్కా."

"సముద్రం నడుమ, పద్నాలుగేళ్ల పిల్ల, దొర మొహాన నేదన్నాది. దాన్ని పట్టుకుని నువ్వు ఆ మాటన్నావు."

కాదు, నేను ఇప్పుడే కల్పించాను అని ఆయన ఒక్క ముక్క అనొచ్చు. నేనైనా అనొచ్చు. ఆయన చెయ్యి కొంచెం పైకెత్తి, నన్ను ఆపాడు.

"అన్నానక్కా" అన్నాడు. "నానే అన్నాను."